పంటి గాట్లున్న చెక్క

"ఇది కాదు."

కోడలు ఆ ముక్కను పక్కన పెట్టి ఇంకోటి తీసింది. బొటనవేలితో అంచు వెంబడి తడిమింది.

"ఇదీ కాదు."

పెరట్లో రేకుల షెడ్డులో గొంతుక్కూర్చుని తెల్లారినప్పటి నుంచి ఆమె చేస్తున్న పని ఇదే. నిన్న సాయంత్రం పుట్టింటి నుంచి వచ్చి, గదిలో పిల్లల మంచం ఉండాల్సిన చోట ఉత్త గోడ చూసినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. "మంచం ఏది?" అని ఒక్కసారి అడిగింది. అందరూ ముఖాలు చాటేశారు. రెండోసారి అడగకుండా వెళ్ళి పడుకుంది. ఆ నెమ్మది చూసి గండం గడిచిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. అంత అమాయకులు.

పని బల్ల పక్కన ముక్కాలిపీట మీద మామగారు కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తప్పు చేసి బడిలో నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నాడు.

వీధిలో చిన్నా పెద్దా ఆయన్ని చిత్రిక తాత అంటారు. వడ్రంగంలో ఎన్ని పనిముట్లున్నా ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది చిత్రికే. చెక్క దొరికితే చాలు, దాని మీద చిత్రిక తోసి తోసి, గరుకంతా పొరలు పొరలుగా లేచిపోయి, చెంప ఆనించుకునేంత నున్నగా అయితేగానీ వదలడు.

ఆ ఇంట్లో ఏ సామానూ పుట్టిన రూపంలోనే పోయిన దాఖలా లేదు. విరిగిన కుర్చీ మొక్కల స్టాండయ్యేది. పాత తలుపు బట్టల అలమర అయ్యేది. కొడుకు అక్షరాలు దిద్దుకున్న రాతబల్ల మనవరాలికి కటకటాల మంచం అయింది. "ఓ గంట కదలకుండా కూర్చున్నానంటే నన్ను కూడా ఏ స్టూలో చేసి పారేస్తాడు ఈ మనిషి" అనేది అత్తగారు, నవ్వే రోజుల్లో.

ఆ మంచంలోనే చిట్టెలుక పెరిగింది. పళ్ళు మొలిచే రోజుల్లో లేచి నిలబడి, పై పట్టీని రెండు చేతులా పట్టుకుని కిటకిటా కొరికేది. వద్దని నోరు లాగితే నవ్వేది. చెయ్యి తీయగానే మళ్ళీ కొరికేది. అందుకే తాత ఆ పేరు పెట్టాడు. అదే నిలిచిపోయింది. పోయిన వానల్లో జ్వరం వచ్చి, రెండేళ్ళు నిండకుండానే పిల్ల పోయింది. పట్టీ మీద పంటి గాట్లు ఉండిపోయాయి.

కోడలు వెతుకుతున్నది ఆ పట్టీని.

"నా దగ్గర ఇంకేం లేదు మామయ్యా," అంది తలెత్తకుండా. "బట్టలు ఉతికేశారు. దుప్పటి ఉతికేశారు. ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా కుదురుగా లేదు, అన్నిట్లోనూ మొహం చెదిరిపోయింది. ఆ చెక్క ముట్టుకుంటే నా పిల్ల చేతికి తగిలేది."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వే కదమ్మా తీసేయమన్నావు."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"తీసేయమన్నాను," అంది. "కొయ్యమన్నానా?"

ఆయన పీట మీద ఇంకాస్త వెనక్కి జరిగాడు.

"ఊరికి బయల్దేరే ముందు గుమ్మంలో నిలబడి చెప్పాను. ఆ మంచం తీసేయండి మామయ్యా, నేనొచ్చేసరికి నా కళ్ళ ముందు ఉండకూడదు అన్నాను. అంటే ఏమిటి? అటక మీద పెట్టమని. ఏదైనా గుడ్డ కప్పి ఓ మూల దాచమని. చెప్పులు తీసేసి లోపలికి రమ్మంటే చెప్పులు కోసి వస్తామా మనం?"

"మా పనిలో..." ఆయన ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "మా పనిలో తీసేయడం అంటే విప్పడమేనమ్మా. పాత కిటికీ తీసేయండి అంటారు. పాత గుమ్మం తీసేయండి అంటారు. మేకులు లాగి, బిగింపులు ఊడదీసి, ఏ చెక్కకా చెక్క చేస్తాం. తర్వాత వచ్చి నా కిటికీ ఏదని ఎవరూ అడగరు. చిన్నప్పట్నుంచీ ఆ మాట నా చెవికి అలాగే వినపడుతుంది."

"మీకు పని చెప్పడానికొచ్చిన మనిషినా నేను?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆయన కింద పడి ఉన్న మేకు ఒకటి తీసి డబ్బాలో వేశాడు.

వంటింటి వెనక గుమ్మంలో అత్తగారు ప్రత్యక్షమైంది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"పొద్దున్నే మొదలైందా? కోసేశాడు. అయిపోయింది. ఇప్పుడు ముక్కలేరుకుని అతికిస్తావా?"

"నేను మిమ్మల్నేం అనలేదు అత్తయ్యా."

"అనక్కర్లేదు. అన్నం మానేసి అక్కడ కూర్చుంటే అన్నట్టే. ఈ ఇంట్లో ఏడుపు నీ ఒక్కదానిదే అనుకుంటున్నావు."

ఇలాంటి మాటలు అనడానికి ఆవిడ ముందూ వెనకా చూసుకోదు. అనేశాక చూసుకుంటుంది. ఇప్పుడూ అంతే, అనేసి గరిటె వైపు చూసుకుంది. కోడలు తలెత్తి ఆవిడను చూసింది. అత్తగారి జుట్టు ముడిలో చెక్క పొర ఒకటి, ఉంగరంలా చుట్టుకున్నది, చిక్కుకుని ఉంది. రంపపు పొట్టు అంటే తుమ్ములని షెడ్డు ఛాయలకు రాని మనిషి. అది కోడలి కంట పడిందిగానీ మనసు దాకా పోలేదు.

ఈలోపు కొడుకు స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత మొండి ఇంజనునైనా మాట్లాడించగలడుగానీ, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాట్లాడాల్సి వస్తే అతని నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ నాలుగు గోడల్లో గాలి మార్చాలని, తోచిందేదో అనేశాడు.

"అమ్మా, రాత్రంతా మీ గదిలోంచి ఏదో చప్పుడు. ఎలుక కొరుకుతున్నట్టు. కాస్త మందు పెట్టాలి."



తనేమన్నాడో అప్పుడు అర్థమైంది అతనికి. తువ్వాలు మొహం మీదకి లాక్కుని, తుడిచిన మొహాన్నే మళ్ళీ తుడిచాడు. అత్తగారు గభాల్న లోపలికి తిరిగింది, పొయ్యి మీద ఏదో మాడుతోందన్నట్టు. ఏమీ మాడటం లేదు.

"ఆ మంచం కోసిన రోజు మీరు ఇంట్లోనే ఉన్నారా?" కోడలు మొగుణ్ణి అడిగింది.

"ఉన్నాను."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

అత్తమామల ముందు మొగుణ్ణి ఎప్పుడూ మీరు అనే మనిషి. ఆ నువ్వు అనే మాట ఎంత మెల్లగా అన్నా అందరికీ వినపడింది. గుమ్మంలో అత్తగారు వెనక్కి తిరిగి చూసింది.

"ఊరుకోలేదు," అన్నాడతను. "ఇంకో చివర పట్టుకున్నాను."

"ఏమిటి?"

"పొడుగాటి చెక్క కదా. పట్టుకోకపోతే రంపానికి ఊగిపోతుందన్నాడు నాన్న. పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను."

ఆమె అతని చేతుల వైపు చూసింది. ఎంత తోమినా పోని గ్రీజు మరకల చేతులు.

"రోజూ ఫోను చేశావు. తిన్నావా అన్నావు, పడుకున్నావా అన్నావు. ఇది చెప్పలేదు."

"ఏమని చెప్పను? డ్యూటీ నుంచి వచ్చి గది తలుపు తీస్తే ఎదురుగా అదే. బయట వసారాలో పడుకునేవాణ్ణి. నాన్న కోస్తానంటే ప్రాణానికి హాయిగా అనిపించింది. నిజం చెప్తున్నాను. హాయిగా అనిపించింది."

ఇంత మాట అతను పెళ్ళయ్యాక ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడింది ఇందుకా అని కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది. తన దుఃఖంలో సగం అతనిదనుకుని పుట్టింట్లో ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పుకుంది. ఆ సగాన్ని అతను రంపం కింద పెట్టేసి తేలికపడ్డాడు.

"అక్కడ వెతక్కు," అన్నాడు అతనే, నేల చూస్తూ. "పై పట్టీ అందులో లేదు. దాన్ని నడకబండికి పిడి చేశాడు నాన్న."

మంచం ఎన్ని రూపాలెత్తిందో అప్పుడు బయటపడింది. కటకటాల ఊచలు బొమ్మ లారీకి గోడలయ్యాయి. తలవైపు చెక్క చక్రాల బాతు అయింది. కాళ్ళు చిన్న చిన్న దిమ్మెలై ఒకదాని మీద ఒకటి పేర్చుకునే ఆటసామాను అయ్యాయి. పై పట్టీ నడకబండికి పిడి అయింది. నడక నేర్చుకునే పిల్లలు పట్టుకుని తోసుకుంటూ పోయే మూడు చక్రాల బండి అది. ఆయన అన్నిటినీ వీధిలో పిల్లలకు పంచేశాడు. ఇంట్లో ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఎవరికోసం ఉంచుకుంటాడు?

"నడకబండి ఎవరికిచ్చారు?"

"ఇస్త్రీ వాళ్ళ గున్నకి," అన్నాడు మామగారు.

ఆమె లేచింది. పాదాలకు చెప్పులు కూడా తొడుక్కోలేదు.

"అమ్మా, ఆగు. అది నేను..."

"వెళ్ళనివ్వండి," అంది అత్తగారు గుమ్మంలోంచి. "చూసుకుని వస్తే ఆ మనసు కాస్త కుదుటపడుతుంది. మీరు నోరు తెరవకండి."

తెరిచిన నోరు ఆయన మూసుకున్నాడు. పెరటి తలుపు చప్పుడైంది.

వీధికి అవతలి పక్క, మేడ మెట్ల కింద ఇస్త్రీ బల్ల. తడిపిన బట్ట మీద వేడి పెట్టె నడిచినప్పుడు వచ్చే కమ్మని వాసన అక్కడ ఎప్పుడూ ఉంటుంది. ఇస్త్రీ అక్క ఎవరిదో తెల్ల చొక్కా పరిచి కాలరు నొక్కుతోంది. కోడల్ని చూసి ఆవిడ చెయ్యి ఒక్క క్షణం తడబడింది.

"రా చెల్లీ. ఎప్పుడొచ్చావు?"

"నిన్న."

"చిక్కిపోయావు."

మడత పెట్టిన దుప్పట్ల గుట్ట పక్కన ఆవిడ కూతురు నిలబడి ఉంది. బుగ్గలూ పొట్టా తప్ప ఇంకేం కనపడని పిల్ల. గున్న ఏనుగులా ఉందని ఆ పేరు. పేరు పెట్టింది చిత్రిక తాతే. నడకబండి పిడి పట్టుకుని రెండడుగులు వేసింది. బండి ముందుకు పోయింది, గున్న వెనక్కి కూలబడింది. ఏడవకుండా మళ్ళీ లేచి, ఈసారి తోయడం మానేసి పిడిని నోట్లో పెట్టుకుంది.

"తాత ఇచ్చిన దగ్గర్నుంచీ వదలదు," అంది ఇస్త్రీ అక్క. "నడిచేది తక్కువ, నమిలేది ఎక్కువ. పళ్ళొస్తున్నాయి కదా, చిగుళ్ళు దురద."

అది కోడలి చెవికెక్కలేదు. అప్పటికే ఆమె నేల మీద కూర్చుని ఉంది. గున్న నోట్లోంచి పిడిని మెల్లగా విడిపించి, చొంగ తుడిచి చూసింది.

గాట్లున్నాయి.

చిన్న చిన్న గుంటలు, పక్కపక్కనే. ఆమె బొటనవేలు వాటి మీదుగా ఒకసారి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. తెల్లారినప్పటి నుంచి ఆ వేలు వెతుకుతున్నది అదే. ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలోతుగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో.

"అక్కా, ఇది నాకు కావాలి."

"ఏది?"

"ఈ బండి. ఇవి మా చిట్టెలుక గాట్లు. మా మంచం పట్టీ ఇది. నాకు తెలియకుండా ఇచ్చేశారు."

ఇస్త్రీ అక్క ఏదో అనబోయింది. కూతురి నోటి వైపు చూసింది, ఆ పిడి వైపు చూసింది, మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి మొహం చూసింది. తను కన్న తల్లి. ఏ గాటు ఎప్పుడు పడిందో తెలియని మనిషి కాదు.

"తీసుకెళ్ళు చెల్లీ," అంది.

గున్నకు బండి పోతోందని అర్థమై గొంతెత్తింది. ఇస్త్రీ అక్క దాన్ని చంకనేసుకుని, "ఊరుకో, తాత ఇంకోటి చేసిస్తాడు" అంటూ వీపు నిమిరింది. ఆ సందట్లో పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలరు దగ్గర మాడిన వాసన వచ్చేదాకా ఆవిడ చూసుకోలేదు.

కోడలు ఇంట్లోకి నవ్వుతూ వచ్చింది.

నవ్వంటే పెద్ద నవ్వేం కాదు. పెదవులు విడివడ్డాయి, కళ్ళు తడిగా మెరిశాయి, అంతే. కానీ ఆ ఇంట్లో వానాకాలం తర్వాత అదే మొదటిది. బండిని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది.

"ఉన్నాయి మామయ్యా. అలాగే ఉన్నాయి. నేను అనవసరంగా మిమ్మల్ని మాటలన్నాను."

మామగారు బండి అందుకున్నాడు. పిడిని చూశాడు. వేలు పెట్టి తడమాల్సిన పని కూడా లేదు ఆయనకు. ఆ చెక్క మీద ఎటు నుంచి ఎటు చిత్రిక నడిపాడో ఆ చేతులకు ఇంకా గుర్తుంది. ఆయన తలెత్తి భార్యను చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, కనీ కనపడనట్టు. కొడుకు గోడకు ఆనుకుని కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

"అవునమ్మా," అన్నాడు ఆయన.

నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. కోడలు కూర మారు వడ్డించుకుంది. అత్తగారు అడగకుండానే ఇంకో గరిటె వేసింది. పుట్టింటి కబుర్లు రెండు చెప్పింది కోడలు. తమ్ముడికి ఉద్యోగం మారిందంది, అక్కడి నీళ్ళు పడక వాడి జుట్టు రాలుతోందంది. మిగతా ముగ్గురూ ఊఁ కొట్టారు. ముగ్గురికీ ముద్ద దిగడం లేదు. మింగలేకా కక్కలేకా కంచాల్లోకి చూసుకుంటున్నారు.

వీధి అవతల గున్న ఇంకా ఏడుస్తోంది. అత్తగారు లేచి వెళ్ళి కిటికీ మూసింది.

"ఎందుకు మూశారత్తయ్యా? పాపం, ఆ పిల్లదేం తప్పు," అంది కోడలు చెయ్యి కడుక్కుంటూ. "మామయ్యా, నాకు పిడి ఒక్కటే చాలు. దీన్ని కోసిచ్చి, బండికి కొత్త పిడి పెట్టివ్వండి. సాయంత్రంలోగా ఇచ్చొస్తాను. నడక నేర్చుకునే పిల్ల దగ్గర బండి లాక్కొచ్చాను, నాకే బాగాలేదు."

మంచితనం కూడా ఒక్కోసారి ఎదుటివాణ్ణి ఎలా పొడుస్తుందో మామగారికి ఆ పూట తెలిసొచ్చింది.

"తర్వాత చూద్దాంలేమ్మా."

"ఎంతసేపు పని? నేను ఇంకో చివర పట్టుకుంటాను."

గోడకు ఆనుకున్న కొడుకు కళ్ళు మూసుకున్నాడు.

షెడ్డులో పని బల్ల మీద బండిని బోర్లించారు. మామగారు రంపం తీశాడు. దాన్ని తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. కోడలు పిడికి అటు చివర రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

చెయ్యి జారింది.

ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆమె అరచెయ్యి పిడి కింది వైపుకు పోయింది, పక్కకు వచ్చింది. ఎక్కడా చిన్న గరుకు లేదు. ఏ మూలా ముల్లు తగల్లేదు. చెంప ఆనించుకునేంత నున్నగా ఉంది. పాత పట్టీ ఇలా ఉండేది కాదు. ఒక పక్క పాత రంగు పెచ్చులుండేవి, ఒక చోట మేకు దిగి చీలిన గీత ఉండేది. ఇప్పుడు రంగు లేదు, గీత లేదు. ఆ గాట్లు మాత్రం ఉన్నాయి. వాటి అంచులు తెల్లగా, కొత్తగా ఉన్నాయి.

రంపం చెక్కకు తాకింది.

"ఆగండి."

ఆయన ఆగాడు. ఆగమంటే చాలని చూస్తున్నట్టు ఆగాడు.

"మామయ్యా, మీరు చిత్రిక పట్టకుండా పిల్లల చేతికి చెక్క ఇస్తారా?"

ఆయన రంపాన్ని బల్ల మీద పెట్టాడు. దాని పిడి సరిగ్గా తన వైపు ఉండేలా జరిపాడు.

"ఇవ్వనమ్మా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ ఇవ్వను."

"దీనికి పట్టారా?"

"నాలుగు పక్కలా పట్టాను," అన్నాడు. "పసిపిల్లల చేతులు కదా. గాట్లు కనపడ్డాయి. వేలు పెట్టి చూశాను కూడా. చూస్తే చెయ్యి వణికింది. వణికితే పని పాడవుతుందని తొందరగా తోసేశాను. తోసేశాక చూసుకుంటే ఏమీ లేదు. ఉత్త చెక్క."

కోడలు పిడిని వదిలేసింది. అరచేతులు చూసుకుంది.

"అయితే ఇవి గున్నవి."

అత్తగారు గుమ్మం దగ్గరే ఉంది. కొడుకు ఆవిడ వెనక ఉన్నాడు.

"మీ ముగ్గురికీ తెలుసు," అంది కోడలు. అరవలేదు. అరిచి ఉంటే వాళ్ళకు బాగుండేది. "నేను అన్నం తింటున్నంతసేపూ తెలుసు. కబుర్లు చెప్తుంటే విన్నారు."

"తెలుసు," అంది అత్తగారు. "నవ్వుతూ వచ్చావు. ముద్ద నోట్లో పెట్టుకున్నావు. ఇంత నోరుందని అందరూ అంటారు నన్ను. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు."

రేకుల మీద ఏదో పక్షి నడిచి వెళ్ళింది. కోడలి చూపు పని బల్ల మీద పడి ఉన్న చిత్రిక మీద నిలిచింది. దాని ఇనుప నాలుక దగ్గర ఏదో చెక్క తాలూకు పొర ఒకటి ఇరుక్కుని ఉంది.

"పొట్టు ఏం చేశారు?" అంది.

"ఏ పొట్టు?"

"చిత్రిక పడితే పొరలు లేస్తాయి కదా. నా పిల్ల గాట్లు ఆ పొరల్లోనే కదా లేచిపోయింది. అవి ఏం చేశారు?"

మామగారి మొహం పాలిపోయింది. ఈ ప్రశ్న ఆయనకు తట్టనే లేదు. చెక్క లోపల ఏముందో చూసే కన్ను ఆయనది. నేల మీద రాలింది ఆయన ఎన్నడూ చూడలేదు.

"పొట్టు ఎప్పుడూ ఇస్త్రీ వాళ్ళే పట్టుకుపోతారమ్మా, బొగ్గులు రాజేసుకోవడానికి."

"కాల్చేశారు."

ఆమె మెల్లగా ముక్కాలిపీట మీద కూలబడింది. ఇందాకటి నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. చప్పుడు లేకుండా, వంగిపోయి, కడుపు పట్టుకుని ఏడ్చింది. కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. దగ్గరికి వెళ్ళే ధైర్యం చాల్లేదు.

"ఎవరూ కాల్చలేదు," అంది అత్తగారు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆవిడ చేతుల్లో దిండు ఉంది. వెలిసిపోయిన పూల దుప్పటి చింపి కుట్టిన గలీబు. నడుస్తుంటే లోపల గలగలమంటోంది. దాన్ని తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది.

"ఆ రోజు పొట్టు నేల మీదే వదిలేసి బయటికెళ్ళాడు మీ మామయ్య. ఓ పొర గాలికెగిరి నా కాళ్ళ దగ్గర పడింది. తీసి చూస్తే మధ్యలో చిల్లులు. చిన్న చిన్నవి, వరసగా. పళ్ళు దిగిన చోట చెక్క లేదు కదా, పొర చిల్లులు పడి లేచింది. అలాంటివన్నీ ఏరుదామని కూర్చున్నా. పట్టుకుంటే విరిగిపోతున్నాయి. పొడైపోతున్నాయి చేతిలో. ఏది దానిదో ఏది కాదో తేల్చుకోలేక మొత్తం ఎత్తి ఇందులో కుట్టేశా."

"దీని మీదా పడుకుంటున్నావు?" కొడుకు అడిగాడు. రాత్రి విన్న చప్పుడు ఏమిటో అతనికి తెలిసింది.

ఆవిడ కోడలితోనే మాట్లాడింది.

"నువ్వు పుట్టింటికి పోయావు. ఏడవడానికి నీకు మీ అమ్మ ఉంది. ఈ వయసులో నేనెక్కడికి పోయేది?"

కోడలు తలెత్తి ఆవిడను చూసింది. పొద్దున ముడిలో చూసిన చెక్క పొర ఇంకా అక్కడే ఉంది. చెయ్యి చాపి దాన్ని తీసింది. వెలుగుకు పట్టి చూసింది. అందులో చిల్లులు లేవు.

బయట గేటు దగ్గర అలికిడైంది. ఇస్త్రీ అక్క గున్నను చంకనేసుకుని నిలబడి ఉంది. బండి అడగడానికి రాలేదు, ఊరుకోవడం లేదని తిప్పుతోంది, అంతే. ఇటు తిరక్కుండా ఉండాలని చూస్తోంది. గున్న మాత్రం ఇటే చూస్తూ వెక్కుతోంది. కొడుకు ఎవర్నీ అడగకుండా బండిని ఎత్తుకుని గేటు వైపు వెళ్ళాడు. కాసేపటికి వీధిలో చక్రాల చప్పుడు మొదలైంది. ఆగుతూ, కదులుతూ పోతోంది.

కోడలి వేళ్ళు దిండు అంచు మీద ఉన్నాయి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో రోజంతా కుట్టే వేళ్ళు అవి. అత్తగారి కుట్లు చూస్తే మామూలు రోజుల్లో నవ్వొచ్చేది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో దారం అయిపోతే వేరే రంగు. విప్పాలంటే క్షణం పట్టదు.

పని బల్ల మీద కత్తెర ఉంది. అందుకుంది.

"విప్పుతావా?" అంది అత్తగారు.

వద్దనలేదు. ఆ చిల్లుల పొర దొరికితే దొరుకుతుంది. వెతికే వేళ్ళ కింద పొడైతే పొడవుతుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, ఇప్పుడు కోడలికీ తెలుసు.

"నీ పిల్ల. నీ ఇష్టం," అంది ఆవిడ. కాసేపాగి, "విప్పితే మళ్ళీ కుట్టి ఇస్తావా?" అంది. అంత చిన్న గొంతుతో ఆవిడ ఏదైనా అడగడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

కోడలు కత్తెర మొనను మొదటి కుట్టు కిందికి పోనిచ్చింది. ఇంకో చెయ్యి దిండు మీద ఆనించింది.

లోపల, ఆ చేతి కింద, పట్టీ కొరికినట్టు కిటకిటమని చిన్న చప్పుడైంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.